మూడో గేటు పేజీ

కంట్రోల్ రూమ్,
డ్యామ్ మీద నుంచి.
వానలు ఇంకా మొదలు కాలేదు.

ఒరేయ్ చిన్నోడా,

ఈ కాలంలో కూడా ఉత్తరాలేమిటక్కా అని పోయినసారి ఎగతాళి చేశావు. ఏం చేయను? ఇక్కడ సెల్‌ఫోన్ మూగది. బల్ల మీది ఫోను ఆఫీసు పనికే. సాయంత్రం దాంట్లో నీటిమట్టం చెబుతాను, అవతలి గొంతు "సరే" అని పెట్టేస్తుంది. ఇన్నేళ్ళలో ఆ గొంతు ఇంకో మాట అన్న పాపాన పోలేదు. కాబట్టి వారం వారం డీజిలు తెచ్చే వ్యానే మనకు దిక్కు.

అసలు సంగతికి వస్తాను. వానాకాలం అయిపోగానే నేను రిటైరు. నా కుర్చీలోకి కొత్తావిడ వచ్చేసింది కూడా. అయితే పైవాళ్ళు ఒక మెలిక పెట్టారు. గేట్లు నడిపే ప్రోగ్రామ్‌కి పూర్తి డాక్యుమెంటేషన్ అప్పగిస్తేనే నన్ను వదులుతారట. ఆ ప్రోగ్రామ్ నేను రాసిందే, దాని గుట్టుమట్లన్నీ నా తలకాయలోనే ఉన్నాయి. ఇదివరకు విడిగా టైపు చేసిన పుస్తకం ఒకటి ఉండేది. ప్రోగ్రామ్ మారినప్పుడల్లా దాన్ని మార్చడం ఎవరికీ గుర్తుండలేదు, ఇప్పుడది గ్లాసు కింద పెట్టుకోవడానికి పనికొస్తోంది. అందుకే వివరణలు ప్రోగ్రామ్‌లోనే రాసి పెడితే, వాటిని ఏరి పేజీలుగా కుట్టిపెట్టే టూల్ కావాలి. నువ్వు చేసేది ఆ పనే కదా.

ఒక్క చిక్కు. ప్రోగ్రామ్ ఈ గది దాటి బయటికి రాకూడదు, టూలే లోపలికి రావాలి. ఇంటర్నెట్ లేదు. ఈ పాత కంప్యూటర్‌లో కొత్తది ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వరు. పెన్‌డ్రైవ్‌లో వచ్చి, అక్కడి నుంచే నడిచి, పని చేసుకుని పోవాలి. అలాంటిది చూసి పంపు. శుభ్రంగా పని ముగించుకుని వెళ్ళిపోతాను.

మీ అక్క


దర్జీ షాపు మీది గది.

అక్కా,

నువ్వు రిటైరా! నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరినట్టుంది. సరే, పని అప్పగించావు, ఇక నిశ్చింతగా ఉండు.

మా టీమ్ ముందు నీ సమస్య పెట్టాను. మా గళ్ళ చొక్కా తెలుసుగా, ఎప్పుడూ గళ్ళ చొక్కాలే వేసుకునే పెద్దమనిషి, విన్నవెంటనే ఎగిరి గంతేశాడు. "డ్యామ్ అంటే మాటలా, పెద్ద టూలే వాడాలి" అన్నాడు. అందరూ మెచ్చుకునే పెద్ద టూల్ ఒకటి ఈ పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. అది చేయని పని లేదు. ముందు ఒక్క పేజీ చేసి చూడు, నచ్చితే మిగతావి.

క్వార్టర్ ఖాళీ చేశాక ఎక్కడ ఉంటావో రాయలేదు.

చిన్నోడు


కంట్రోల్ రూమ్.
మబ్బులు పట్టాయి.

చిన్నోడా,

నువ్వు పంపింది టూల్ కాదురా, ఏనుగు. తెరవగానే ఇంకో సాఫ్ట్‌వేర్ ఉందా అంది. అది దేనికని చూస్తే, దానికింకోటి కావాలట. బంధుబలగమంతా ముందే వచ్చి కూర్చుంటేగానీ ఆయనగారు లోపల అడుగుపెట్టరు. గళ్ళ చొక్కాకి నా నమస్కారాలు చెప్పు, డ్యామ్ పెద్దదేగానీ కంప్యూటర్ చిన్నదని కూడా చెప్పు.

పరీక్షకి మూడో గేటు పేజీ ఎంచుకున్నాను. ఉన్నవి మూడు గేట్లు, మూడింటిలో పెంకిది అదే. వివరణ ఇలా రాశాను: "తెరువు అని నొక్కగానే గేటు పూర్తిగా తెరుచుకుందని కంప్యూటర్ చెబుతుంది. నమ్మవద్దు. జానెడు తెరిచి ఆపండి. చప్పుడు తగ్గాక మళ్ళీ నొక్కండి." ఎలా ఉంది?

కొత్తావిడకి రేడియో అని పేరు పెట్టాను. ఆపకుండా మాట్లాడుతుంది. గోడ మీద బల్లి కనబడినా దాని గురించి చెబుతుంది. బోర్డుల మీద రాసిందంతా పైకి చదువుతుంది. ఇన్నేళ్ళు నిశ్శబ్దంగా ఉన్న గది, నాకు తల వాచిపోతోంది.

ఎక్కడ ఉంటానని అడిగావు. చూద్దాంలే.

అక్క


దర్జీ షాపు మీది గది.

అక్కా,

పేజీ బాగుందిగానీ, "నమ్మవద్దు" అని ఊరుకుంటే ఎవరూ వినరు. ఎందుకు నమ్మకూడదో కూడా రాయి. కారణం తెలిస్తేనే మనిషి చెయ్యి ఆగుతుంది. నేను ఈ ఉద్యోగంలో నేర్చుకున్నది అదొక్కటే.

ఏనుగు సంగతి చెబితే మావాళ్ళు పడిపడి నవ్వారు. గళ్ళ చొక్కా మాత్రం మొహం మాడ్చుకున్నాడు. ఈసారి పంపేది ఒక్కటే ఒక్క ఫైలు. తోడు ఎవరూ అక్కర్లేదు, పెన్‌డ్రైవ్‌లోంచే నడుస్తుంది. వివరణలు ఏరుతుంది, సాదా పేజీలు చేస్తుంది, కాగితం మీదా అచ్చవుతుంది. సోకులేమీ లేవు. ఏనుగు తర్వాత చీమ అనుకో.

తిన్నావా అని అడిగితే నవ్వుతావేమో. తింటున్నావా?

చిన్నోడు


కంట్రోల్ రూమ్.
మొదటి వాన పడింది.

చిన్నోడా,

చీమ కదల్లేదు. తెర నల్లగా అయి అలాగే ఉండిపోయింది. కంప్యూటర్ మరీ పాతదని నేను ముందే చెప్పాను కదా. ఇంకోటి ఏదైనా చూడు. తొందరేం లేదు.

నువ్వు చెప్పినట్టు కారణం కలిపాను. "మూడో గేటు సెన్సార్ తొందరపడుతుంది. గేటు కదలడం మొదలవగానే పూర్తయిందని సంకేతం ఇస్తుంది. ఒకేసారి తెరిస్తే గేటు పట్టాలలో ఇరుక్కుంటుంది." ఇప్పుడు బాగుందా?

రేడియో ఇవాళ మొదటి గేటు గురించి అడిగింది. డాక్యుమెంటేషన్ వచ్చాక చదువుకుందువులే అన్నాను. సరే మేడమ్ అని వంటగదిలోకి పోయి స్టవ్‌తో మాట్లాడుకుంది.

తింటున్నాను. ఒక్కదాని కోసం వండుకోవడం విసుగు. పొద్దున చేసిందే సాయంత్రమూ తింటాను.

అక్క


దర్జీ షాపు మీది గది.

అక్కా,

కదల్లేదా? సరే, పాత మెషీన్లతో అంతే. దాన్ని వదిలేయ్. ఇంకోటి పంపుతున్నాను. ఇది చేసే పేజీలు కళ్ళకద్దుకునేలా ఉంటాయి, రంగులు, మెనూలు, వెతకడానికి పెట్టె. గళ్ళ చొక్కా ఓటు దీనికే. "డ్యామ్‌లో పనిచేసేవాళ్ళకి మాత్రం అందం అక్కర్లేదా" అంటాడు.

పేజీ ఇప్పుడు చాలా బాగుంది. పేజీలన్నీ ఇలాగే రాస్తే నువ్వు నా ఉద్యోగానికి ఎసరు పెడతావు.

మా వీధిలోనూ వాన. కింద దర్జీ కుట్టుమిషన్ చప్పుడు, పైన నా కీబోర్డు చప్పుడు. ఒక్కోసారి రెండూ కలిసిపోతాయి. నువ్వు రాస్తూ ఉండు, టూల్ సంగతి లేకపోయినా రాయి.

చిన్నోడు


కంట్రోల్ రూమ్.
ఎడతెగని ముసురు.

చిన్నోడా,

ఈసారిది వట్టి షోకిలా. ఇంటర్నెట్ ఉంటేగానీ దానికి బట్టలు దొరకవు. అక్షరాల రూపం, రంగులు, బొమ్మలు అన్నీ బయటి నుంచి తెచ్చుకుంటుంది. నెట్ లేని ఈ గదిలో పేజీ తెరిస్తే వాక్యాలన్నీ ఎడమవైపుకి ఒరిగి, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. చూసి జాలేసింది.

నీటిమట్టం పెరుగుతోంది. ఏటా పెరిగేదే. సాయంత్రం ఫోన్‌లో చెప్పాను, సరే అంది ఆ గొంతు. నేను పోయాక రేడియో ఫోన్ చేస్తే అవతలి వాళ్ళకి గొంతు మారిందని తెలుస్తుందా అని ఇవాళ అనిపించింది. తెలియదనే అనుకుంటున్నాను.

ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. తడిశాను కదా. ఇంకో టూల్ చూడు.

అక్క


దర్జీ షాపు మీది గది.

అక్కా,

వ్యాన్ రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ నీ ఉత్తరం లేదు. డ్రైవర్ని అడిగితే దారిలో నీళ్ళున్నాయి, సగం నుంచే తిరిగొచ్చానన్నాడు. ఒళ్ళు వెచ్చగా ఉందని రాసి ఊరుకున్నావు. నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు.

టూల్ గోల వదిలేయ్. రెండు ముక్కలు రాయి చాలు.

చిన్నోడు


క్వార్టర్ నుంచి, మంచం మీద.

చిన్నోడా,

బతికే ఉన్నాను. జ్వరం దిగింది. అయితే నీకొకటి చెప్పాలి. తిట్టాలనిపిస్తే చివరిదాకా చదివాక తిట్టు.

వరద వచ్చిన మధ్యాహ్నం నేను ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నాను. కంట్రోల్ రూమ్‌లో రేడియో ఒక్కతే. నీళ్ళు ఎర్ర గీత తాకాయి. మూడు గేట్లూ తెరవాలి. స్విచ్‌బోర్డు పక్కన గోడకి మూడో గేటు పేజీ అంటించి ఉంది. రేడియో దాన్ని పైకి చదువుతూ, చదివినట్టే చేసిందట. జానెడు తెరిచింది. ఆగింది. చప్పుడు తగ్గాక మళ్ళీ నొక్కింది. సెన్సార్ తొందరపడితే "నాకు తెలుసులే నీ సంగతి" అందట దాంతో. గేటు చక్కగా తెరుచుకుంది. నేను తెరిచినా అంతకంటే బాగా తెరవను.

మిగతా రెండింటికీ పేజీలు లేవు. మొదటి గేటుకి నొక్కితే "లాక్ తీశారా?" అని కంప్యూటర్ అడిగింది. ఏ లాకో, ఎక్కడుందో రేడియోకి ఎవరు చెప్పారు? వానలో క్వార్టర్‌కి పరిగెత్తుకొచ్చింది. నేను జ్వరంలో "షోకిలా, షోకిలా" అంటున్నానట. నన్ను కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, లాక్ ఎక్కడుందో, రెండో గేటు ఎలా తెరవాలో చెప్పించుకుని వెనక్కి పరిగెత్తేసరికి ఆలస్యమైపోయింది. నీళ్ళు గట్టు పొర్లి డ్యామ్ కింది వీధిలోకి వచ్చాయి. మోకాళ్ళ దాకా. ఎవరికీ ఏమీ కాలేదు, మూడో గేటు తెరుచుకోబట్టి.

లేవగలిగాక ఆ వీధికి వెళ్ళాను. పరుపులు గోడల మీద ఆరేసి ఉన్నాయి. అక్కడి వడ్రంగి చేసిపెట్టిన తలుపులు నీళ్ళలో తేలి, వంకర తిరిగిపోయాయి. ఆయన భార్య నాకే కుర్చీ వేసి "పోన్లెండమ్మా, మీకు జ్వరమట కదా, మీరేం చేస్తారు" అంది. కొట్టినా బాగుండేది.

ఇప్పుడు అసలు మాట. గోడ మీద ఉన్నది చీమ కుట్టిన పేజీ. చీమ నడిచింది. మొదటిసారే నడిచింది, చిటికెలో పేజీ చేసిపెట్టింది. నీకు అబద్ధం రాశాను. ఆ పేజీ చూడగానే నాకు ఏడుపొచ్చింది. అంత సులువైతే పని అయిపోతుంది. పని అయిపోతే నేను ఈ గదిలోంచి పోవాలి. ఎక్కడికి పోవాలి? నేను లేకపోతే ఆగిపోయేది లోకంలో ఈ మూడు గేట్లే. అందుకే చీమని దాచాను, పేజీని మాత్రం పారేయలేక గోడకి అంటించాను. రేడియో అడిగినప్పుడల్లా తర్వాత చూద్దాం అన్నాను. నా గదిని కాపాడుకోవడానికి వాళ్ళ ఇళ్ళలోకి నీళ్ళు వదిలాను.

అక్క


దర్జీ షాపు మీది గది.

అక్కా,

తెలుసు.

మీ దగ్గర జంటగా కొన్న కంప్యూటర్లలో రెండోది వేలానికి వస్తే నువ్వే నాకు ఇప్పించావు. నువ్వు మర్చిపోయావు. అది నా మంచం పక్కనే ఉంది. నీకు పంపే ప్రతి టూల్‌నీ ముందు దాంట్లోనే నడిపి చూశాను. చీమ కదల్లేదని నువ్వు రాసిన ఉత్తరం చదువుతున్నప్పుడు, అది నా ఎదురుగా పేజీలు కుట్టుకుంటూ కూర్చుంది. ఏనుగు నీ దగ్గర నడవదని తెలిసే పంపాను, తర్వాత మనసొప్పక చీమని పంపాను. షోకిలాకి ఇంటర్నెట్ కావాలని కూడా తెలుసు.

నిన్ను నిలదీయవచ్చు. నిలదీస్తే టూల్ ఖాయమవుతుంది, ఉత్తరాలు ఆగిపోతాయి. అందుకే "సరే, పాత మెషీన్లతో అంతే" అని రాసి, ఇంకోటి వెతికాను. వెతకడం అంటే ఏమీ లేదు. పనికిరానివాటిలో ఏది చూడటానికి పనికొచ్చేలా ఉందా అని చూడటం.

ఇంకొకటి. గళ్ళ చొక్కా లేడు. టీమే లేదు. ఆయన ఉద్యోగం మానేసి చాలా కాలమైంది, మిగతా వాళ్ళని వేరే పనులకి పంచేశారు. ఆఫీసు భవనం కూడా వదిలేసుకుని, ఉన్న ఒక్కణ్ణి నన్ను ఇంటి నుంచే చేసుకోమన్నారు. నీ కబుర్లకి ఆయనైతే ఏమనేవాడో ఊహించుకుని రాశాను. రాస్తున్నంతసేపూ గదిలో నలుగురు ఉన్నట్టుండేది. మొన్న దర్జీ మెట్ల దగ్గర "ఎలా ఉన్నారు" అని అడిగితే గొంతు పెగల్లేదు. జలుబేమో అనుకున్నాను. ఎవరితోనూ మాట్లాడక అలా అయిందని తర్వాత తెలిసింది.

చిన్నోడు


క్వార్టర్ నుంచి.

నువ్వు అబద్ధాలు రాసినందుకు కోపం లేదు, నేనూ రాశాను. నేను అబద్ధమాడుతున్నానని తెలిసీ ఊరుకున్నావే, దానికి ఒళ్ళు మండిపోతోంది. డాక్యుమెంటేషన్ లేకపోతే ఏమవుతుందో నాకంటే నీకే బాగా తెలుసు, నీ వృత్తే అది. ఒక్క మాట అని ఉంటే వరద రాకముందే పని అయిపోయేది. ఆ వీధిలో నీళ్ళకి నువ్వూ నేనూ ఇద్దరమూ కారణం. నాకు కొన్నాళ్ళు రాయకు.


దర్జీ షాపు మీది గది.

అక్కా,

రాయవద్దన్నావు కాబట్టి ఇది ఉత్తరం కాదు, పని. మొదటి గేటు వివరణ రాసి పంపు. లాక్ ఎక్కడ ఉందో, ఎందుకు తీయాలో, తీయకపోతే ఏమవుతుందో. చదివి సరిచేసి అదే వ్యాన్‌లో తిప్పి పంపుతాను. తర్వాత రెండోది. చీమతోనే కుట్టు.

చి.


కంట్రోల్ రూమ్.
వానలు వెళ్ళిపోయాయి.

చిన్నోడా,

అయిపోయింది. మూడు గేట్లూ, సైరనూ, డీజిలు ఇంజనూ, కరెంటు పోతే ఏం చేయాలో, అన్నీ. నువ్వు దిద్దిన చోటల్లా బాగుపడింది. ఒప్పుకోవడానికి మనసు రావడం లేదుగానీ, నువ్వు పనిమంతుడివేరా.

నిన్న పరీక్ష పెట్టాం. నేను చేతులు కట్టుకుని మూల స్టూలు మీద కూర్చున్నాను. ఏం జరిగినా నోరు విప్పకూడదని షరతు. రేడియో పేజీలు ముందేసుకుని, పైకి చదువుతూ, గేట్లన్నీ తెరిచి మూసింది. ఒకచోట ఆగింది. నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. మళ్ళీ పేజీ చూసి తనే చేసేసింది. అప్పుడు నాకు సంతోషమేసింది, దుఃఖం కూడా వచ్చింది, ఏది ఎంతో చెప్పలేను. ఇంత చేసినా ఆ వడ్రంగి తలుపులు మాత్రం తిన్నగా కావు. ఆదివారాలు వెళ్ళి ఆయన కొత్తగా చేస్తున్న తలుపులకి రంగు వేస్తున్నాను. ఎందుకమ్మా మీకిదంతా అంటారు వాళ్ళు. నిజం చెప్పాను. ఆయన ఉలి కింద పెట్టి నా వైపు చూశాడు. తర్వాత ఆయన భార్య ఇంకో బ్రష్షు నా చేతికిచ్చింది.

సాయంత్రం నీటిమట్టం రేడియో చేతే చెప్పించాను. అవతలి గొంతు "సరే" అని, వెంటనే పెట్టేయలేదు. "మేడమ్ లేరా, ఒంట్లో బాగుందా?" అని అడిగింది. ఇన్నేళ్ళకి. ఫోన్ నాకిచ్చేలోగా నేను బయటికి వచ్చేశాను, రేడియో ముందు ఏడవడం ఇష్టం లేక.

వచ్చే వారం నన్ను వదిలేస్తారు. ఎక్కడ ఉంటానో ఇంకా తేల్చుకోలేదు. నీ మీద కోపం పూర్తిగా పోలేదు, ఆ సంగతీ చెబుతున్నాను. అయినా ఒక మాట. ఆ వ్యాన్‌లో డ్రైవర్ పక్కన ఒక సీటు ఉంటుంది. ఇన్నాళ్ళూ నీ పెన్‌డ్రైవ్ కవరు దాని మీదే కూర్చుని దర్జాగా వచ్చింది. ఈసారి ఏ టూలూ పంపకు. నువ్వు కూర్చుని రా.

అక్క


వ్యాన్‌లోంచి.

అక్కా,

అక్షరాలు వంకర్లు పోతున్నాయి, తాగి రాశాడనుకోకు. దారి అంతా గుంతలే.

ఈ ఉత్తరం నా చేత్తోనే నీకిస్తాను కాబట్టి రాయాల్సిన అవసరమే లేదు. కానీ నీకు ఉత్తరం లేకుండా నా దగ్గర్నుంచి ఈ దారిలో ఏదీ రాలేదు, అలవాటు. డ్రైవర్ "కవరేదీ?" అని అడిగాడు. ఇవాళ కవరు లేదు, నేనే అన్నాను. అప్పటి నుంచి ఇద్దరం మాట్లాడుతూనే ఉన్నాం. నా గొంతు మొదట గరగరలాడింది, ఇప్పుడు బాగానే ఉంది. నువ్వు బాగా తిడతావని ఆయనకి చెప్పాను. తిట్టించుకోవడానికే వెళ్తున్నానని కూడా చెప్పాను.

బయల్దేరే ముందు దర్జీ దగ్గర ఒక కుర్చీ అడిగి తీసుకుని గదిలో వేసి వచ్చాను. ఎవరికని అడిగాడు. ఇంకా తెలియదన్నాను. నువ్వు కూర్చుంటే కూర్చో, లేకపోతే లేదు. ఉత్తరాలకి మాత్రం ఇకమీద టూల్ సాకు పెట్టుకోవద్దు.

గేట్లు కనిపిస్తున్నాయి. మూడో గేటు పక్కన నువ్వు నిలబడి ఉన్నావు. రేడియో చేతులు తిప్పుతూ నీతో ఏదో చెబుతోంది, నువ్వు వింటున్నావు. ఇక ఆపుతాను, దిగాలి.